మిల్లీమీటరు బాబాయి

"పద్నాలుగు" అన్నాడాయన, పంది వీపు మీద నుంచి బొటనవేలు తీయకుండానే.

డాక్టరమ్మ స్కానింగు యంత్రం ముక్కుకు జిగురు పూసి, సరిగ్గా ఆ వేలు ఉన్నచోటే ఆనించింది. తెర మీద బూడిదరంగు చారలు కదిలి కుదురుకున్నాయి. పై చార చర్మం. దాని కింద తెల్లగా మెరిసేది కొవ్వు. ఆ కింద నల్లటి చెక్కలా కనిపించేది కండ. ఆమె తెల్లచారకు పైన ఒకటి, కింద ఒకటి చుక్కలు పెట్టింది.

"పద్నాలుగు పాయింట్ రెండు."

"ఆ పాయింట్ రెండూ జిగురుదమ్మా" అన్నాడాయన.

పంది రెండు చెక్కపలకల మధ్య నిలబడి తొట్టిలో దాణా నములుతోంది. దాని ధ్యాసంతా తిండి మీదే. చివరి పక్కటెముక వెనకాల, వెన్నుకు రెండు వేళ్లు ఎడంగా, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన వేలు ఆనే చోటు అదే. మెల్లగా నొక్కాలి. ముందు చర్మం లొంగుతుంది, తర్వాత కొవ్వు లొంగుతుంది, ఆ తర్వాత ఒకచోట ఇక లొంగనంటుంది. అక్కడ కండ మొదలైనట్టు. అది ఎంత లోతులో మొదలైందో చెప్పడమే ఆయన విద్య. ఆ బొటనవేలు కూడా మామూలు వేలులా ఉండదు. కొస చదునై, గోరు చెంచాలా వెడల్పై, మిగతా నాలుగు వేళ్లకూ దూరపు చుట్టంలా కనిపిస్తుంది. మనిషి మాత్రం పీల. పొడుగు చేతులు, పొడుగు మెడ, ఖాకీ కోటు లోపల ఇంకొకరికి కూడా చోటుంటుంది.

ఆ పందుల పరిశోధన కేంద్రంలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆయన మిల్లీమీటరు బాబాయే. ఆయన చేరిన రోజుల్లో ఈ యంత్రాలు లేవు. పంది వీపు మీద చిన్న గాటు పెట్టి, అందులోంచి సన్నటి స్టీలు స్కేలు దించి, కండ తగిలేదాకా నెట్టి కొవ్వు మందం చదివేవారు. పంది అరిచే అరుపుకు రేకులు అదిరేవి. నిజానికి ఆయన వచ్చింది నీళ్ల గొట్టం బాగుచేయడానికి, రెండు వారాల పనికి. పందిని పట్టుకునే మనిషి ఒకరోజు రాకపోతే "కాస్త ఓ చెయ్యి వెయ్యవయ్యా" అన్నారు. వేసిన చెయ్యి మళ్లీ తీయలేదు.

అయితే ఆ గాటు ఆయనకు మింగుడుపడలేదు. గాటుకు ముందు వేలితో నొక్కి మనసులో ఒక అంకె అనుకోవడం, స్కేలు చెప్పిన అంకెతో సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. ఏడాది గడిచేసరికి తేడా రెండు మిల్లీమీటర్లకు వచ్చింది. మూడేళ్లకు ఒకటికి. అప్పటి పెద్ద డాక్టరు వంద పందుల మీద ఆ వేలిని పరీక్షించి, ముక్కున వేలేసుకుని, మామూలు కొలతలకు ఇక గాటు అక్కర్లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్లి భార్యతో "ఇవాళ్టి నుంచి అరుపులుండవు" అన్నాడు. "ఎవరివి, నావా?" అంది ఆవిడ.

ఇవాళ ఆయన పనికి ఆఖరి రోజు. పొద్దున బయల్దేరుతుంటే భార్య మధ్యాహ్నం డబ్బా చేతికిస్తూ "మూడింటికి నేనూ వస్తున్నాను. మీ డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసి పిలిచింది. ఆ మొహం కాస్త నవ్వుతూ పెట్టండి, చూసినవాళ్లు నేనేదో అన్నాననుకుంటారు" అంది. ఆయన నవ్వబోయాడు. రెండు నెలలుగా ఆయన నవ్వు పెదవుల దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"తర్వాతది" అంది డాక్టరమ్మ.

ఇది ఏడో నంబరు. చెవి అంచున ఉన్న గాట్లను బట్టి నంబరు చదువుకోవాలి. ఆయనకు చదవాల్సిన పనిలేదు. దాన్ని దూరం నుంచే గుర్తుపడతాడు, రెండు నెలలుగా దాని మొహం చూడ్డానికే ఇబ్బందిపడుతున్నాడు. వేలు ఆనించాడు. లొంగింది, ఇంకా లొంగింది, ఇంకా లొంగింది.

"పంతొమ్మిది."

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. తెర చూడకుండానే నవ్వింది. "చూశారా బాబాయ్! దీని తోడబుట్టినవన్నీ పదమూడూ పద్నాలుగూ. ఇదొక్కటే పంతొమ్మిది!"

ఆయన పంది చెవి వెనకాల గోకుతూ ఉండిపోయాడు.

ఆ కేంద్రంలో పందులు రెండు జాతులు. నల్లవి పొట్టిగా, వీపు ఉయ్యాలలా వంగి, చెవులు కళ్ల మీదికి వాలి ఉంటాయి. తిన్నదంతా కొవ్వుగా దాచుకుంటాయి, తీరిగ్గా పెరుగుతాయి, ఎవరితోనూ పేచీ పెట్టుకోవు. తెల్లవి పొడుగు. తుంటి చూస్తే రెండు గుమ్మడికాయలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది. తిన్నది తిన్నట్టు కండ పడుతుంది, కానీ తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతాయి. దాణా ఒకటే, నీళ్లు ఒకటే, పాక ఒకటే. అయినా ఇంత తేడా ఎందుకన్నదే ఇక్కడ అందరూ తలలు బద్దలుకొట్టుకునే ప్రశ్న. తల్లి కడుపులో ఉండగానే కండపోగులు ఎన్నో ఖాయమైపోతాయనీ, పుట్టాక అవి లావెక్కడమే తప్ప కొత్తవి దాదాపుగా పుట్టవనీ, కొవ్వుకు మాత్రం అంత పట్టింపు లేదనీ డాక్టరమ్మ ఒకసారి విడమరిచి చెప్పింది. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. ఇంటికెళ్లి భార్యకు కూడా చెప్పాడు. ఆవిడ గాలి పీల్చినా ఒళ్లు చేసే రకం. "అంటే నా తప్పేం లేదన్నమాట. ఈ మాట పెళ్లినాడే చెప్పి ఉంటే ఇన్నేళ్లు కడుపు మాడ్చుకునేదాన్నా?" అని ఆ పూట రెండోసారి వడ్డించుకుంది.

డాక్టరమ్మ ప్రయోగం దీనికి ఇంకో మెలిక. రెండు జాతులనూ కలిపితే పిల్లలు అన్నీ తెల్లగానే పుడతాయి. కండను పెంచే గుణం ఒకటుంది, దాని నకలు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తుంది. అయితే కండలో తండ్రి ఇచ్చిందే మాట్లాడుతుంది, తల్లి ఇచ్చింది నోరు మూసుకుని కూర్చుంటుంది. కాబట్టి తండ్రి తెల్లదై తల్లి నల్లదైతే పిల్లల వీపు మీద కొవ్వు పల్చన. తండ్రి నల్లదై తల్లి తెల్లదైతే కొవ్వు మందం. నాలుగేళ్లుగా ఎనభై మూడు పిల్లల మీద ఆమె ఇదే కొలుస్తోంది. అన్నీ బుద్ధిగా చెప్పినట్టే పెరిగాయి. చివరి రెండు కాన్పులే, ఈ పంతొమ్మిది పందులే, పేచీ తెచ్చాయి. పల్చటివాటిలో ఏడో నంబరు మందంగా, మందంవాటిలో పన్నెండో నంబరు పల్చగా వచ్చాయి.

"తల్లి నోరు విప్పిందన్నమాట" అంది డాక్టరమ్మ, జిగురు తుడుస్తూ. "ఈ రెండింటిలో మాత్రం తల్లి మాట్లాడింది, తండ్రి ఊరుకున్నాడు. ఇలా ఎక్కడైనా అయిందా అని ఎంత వెతికినా దొరకలేదు బాబాయ్. వ్యాసం రాసేశాను. సాయంత్రం ఐదింటికి పంపిస్తున్నాను."

ఆయన పంది చెవి గాట్లు తడిమాడు. "ఒకవేళ... పిల్లలు మారిపోయి ఉంటే?"

"మొదట నాకూ అదే అనుమానం వచ్చింది. మామూలు పరీక్షలో అది తేలదు కూడా, రెండు రకాల పిల్లల్లోనూ తెల్లదాని నకలొకటి, నల్లదాని నకలొకటి ఉంటాయి కదా. కానీ చెవి గాట్లు ఎవరు పెట్టారో చూశాను. మీరు. అక్కడితో ఆ అనుమానం కొట్టేశాను."

చెప్పి ఆమె నవ్వింది. అందులో ఎగతాళి లేదు, ముప్పై ఒక్క ఏళ్ల నమ్మకం ఉంది. ఆయన చెక్కపలక లాగి ఏడో నంబరును వదిలేశాడు.

మధ్యాహ్నం దాణా గది మెట్ల మీద కూర్చుని డబ్బా తెరిచాడు. రెండు గుడ్లు, రొట్టె, మూతలో ఉప్పు. ఆఖరి రోజని భార్య ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది. గుడ్డు పొట్టు తీస్తూ తీస్తూ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. కేంద్రంలో ఆయన పక్కన కూర్చుని తినేవాళ్లు తక్కువ. రెండుసార్లు సబ్బు రుద్దినా పోని వాసన ఆయనది. బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఆ బస్సు నడిపేది ఆయన కూతురే. "నాన్నా, నువ్వు వెనక సీటుకెళ్లు, ముందు కూర్చుంటే బేరం పోతుంది" అంటుంది. ఒళ్లు ఆయన పోలిక, నోరు తల్లి పోలిక. కాళ్లు చాపుకోవడానికి రెండు సీట్లు దొరుకుతున్నాయని ఆయన సంతోషించేవాడే తప్ప ఏనాడూ చిన్నబోలేదు.

చిన్నబోవాల్సింది వేరే ఉంది.

కేంద్రంలో రాసి గోడకు అంటించిన నియమం ఒకటుంది. పిల్ల పుట్టగానే, పాలు నోట పడకముందే చెవికి గాట్లు పెట్టాలి. గాటు పెట్టే కత్తెర చేతిలో పట్టుకునే కాన్పు దగ్గర కూర్చోవాలి. గాటుతో వచ్చిన చెవి ముక్కను నంబరు వేసిన గొట్టంలో వేసి చల్లపెట్టెలో దాచాలి. ముక్కలు దాచడంలో ఆయనను వేలెత్తి చూపగలిగినవాడు లేడు. కానీ మొదటి వాక్యాన్ని మాత్రం ఆయన ఒక్కనాడూ పాటించలేదు. పిల్ల నేల మీద పడి, తుమ్మి, కళ్లు తెరవకుండానే కాళ్లీడ్చుకుంటూ తల్లి పొట్ట వెతుక్కునేది. ఆ దారిలో దాన్ని ఎత్తి చెవి కోయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. పాలు తాగనిచ్చేవాడు. నాలుగు గుక్కలు తాగి, కడుపు గుండ్రమై, పెదవులకు నురగ అంటుకుని నిద్రలోకి జారేటప్పుడు ఎత్తి, కత్తెరను తన చంకలో కాసేపు వెచ్చబెట్టి, గాటు పెట్టేవాడు. అప్పుడూ అరిచేది. అయినా ఆయనకు మనసు తేలికగా ఉండేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

ఐదు నెలల కిందట ఒకే మధ్యాహ్నం రెండు కాన్పులు వచ్చాయి. పక్కపక్క గదులు. ఒకదానిలో 'పెద్దావిడ' అని ఆయన పిలుచుకునే నల్ల ముసలి పంది, రెండోదానిలో తొలిచూలు తెల్లది. తెల్లది బెదిరి లేచి తిరుగుతూ పిల్లల్ని తొక్కబోతుంటే దాన్ని సముదాయించడంతోనే సరిపోయింది. నడవాలోకి ఉన్న రెండు చెక్కతలుపుల గడియలు వేయడం మరిచాడు. ఇటు తిరిగి చూసేసరికి నడవాలో వేడి దీపం కింద రెండు పిల్లలు ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుని ఉన్నాయి. రెండూ తెల్లవే. రెండూ పాలు తాగినవే. రెండింటి చెవులకూ గాట్లు లేవు.

లెక్క చూస్తే ఇటొకటి, అటొకటి తక్కువ. ఏది ఎటుది? ఎంతోసేపు చూశాడు. ఒకదాని మూతి పిసరంత పొడుగనిపించింది. దాన్ని తెల్లదాని దగ్గర పెట్టి, రెండోదాన్ని పెద్దావిడ దగ్గర పెట్టాడు. ఇద్దరు తల్లులూ కాదనలేదు. గాట్లు పెట్టాడు. పుస్తకంలో రాశాడు. అనుమానం అన్న మాట ఎక్కడా రాయలేదు. మూడు నెలలు గడిచాక ఒక పొద్దున వేలికి తెలిసిపోయింది. కన్ను చేసిన పొరపాటును వేలు పట్టేసింది.

చెప్పేద్దామని ఆయన ఆ రెండు నెలల్లో పదిసార్లు డాక్టరమ్మ గది దాకా వెళ్లాడు. పదిసార్లూ ఏదో ఒకటి అడిగి వచ్చేశాడు. గోడకు మేకు కొట్టాలా, కిటికీ బిగుసుకుందా, ఇలాంటివి. ఒకసారి బిగుసుకోని కిటికీని కూడా బాగుచేసి వచ్చాడు. భయం ఉద్యోగం గురించి కాదు, అది ఎలాగూ అయిపోతోంది. ఆయనకు చదువు లేదు, ఆస్తి లేదు, పదిమందిలో చెప్పుకునే ఘనకార్యం లేదు. అంకె తప్పడన్న పేరు ఒక్కటే ఉంది. అదీ పోతే ఖాకీ కోటు తప్ప ఏం మిగులుతుంది?

డబ్బా మూసి పెద్దావిడ గదికి వెళ్లాడు. ఆవిడ పక్కకు ఒరిగి పడుకుని ఒక కన్ను తెరిచి చూసి, ఆయనే అని మళ్లీ మూసుకుంది. తొమ్మిది కాన్పుల పొట్ట, పాలు ఎండి చర్మం ముడతలు పడింది. తినకుండా మిగిలిన గుడ్డు ఆవిడ మూతి దగ్గర పెట్టాడు. కళ్లు తెరవకుండానే తినేసింది.

"నీకు తెలుసే, తెలిసీ ఊరుకున్నావు" అన్నాడు. ఆవిడ గురక పెట్టింది.

మూడింటికి ఆఫీసు హాలులో కుర్చీలు వేశారు. టీ, బిస్కెట్లు. భార్య పెట్టెలో దాచుకున్న మంచి బట్టలు వేసుకుని మొదటి వరసలో కూర్చుంది. లారీ అప్పటికే వచ్చి పాక దగ్గర వెనక తలుపు దించుకుని ఉంది. నాలుగింటికి ఆ పంతొమ్మిది పందులనూ ఎక్కిస్తారు. అవి కోతశాలకు వెళ్లి కండ వేరుగా, కొవ్వు వేరుగా తూకానికి వస్తాయి. ఆ తూకం ఎలా వచ్చినా డాక్టరమ్మ వ్యాసం మాత్రం ఐదింటికి వెళ్లిపోతుంది.

డైరెక్టరు రెండు ముక్కలు మాట్లాడి గడియారం చూసుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ లేచి, గాజు వేసిన చిన్న చెక్కపెట్టె ఒకటి చేతికిచ్చింది. లోపల నీలం గుడ్డ మీద సన్నటి పాత స్టీలు స్కేలు. గాటులో దించిన ఆ స్కేలే. పాత సామాన్ల గదిలో వెతికించి తుడిపించిందట. దాని కింద అక్షరాలు చెక్కి ఉన్నాయి. 'ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్క మిల్లీమీటరూ తప్పలేదు.'

అందరూ చప్పట్లు కొట్టారు. భార్య అందరికంటే ఆలస్యంగా ఆపింది.

"బాబాయ్, ఒక్క మాట చెప్పాలి. ఇన్నేళ్లు పందులు మీ చేతికి ఎందుకంత లొంగి ఉన్నాయి? ఆ కిటుకేదో మా అందరికీ చెప్పి వెళ్లండి" అంది డాక్టరమ్మ.

ఆయన లేచి నిలబడ్డాడు. పెట్టె చేతుల్లో బరువుగా ఉంది. భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్లతోనే 'నవ్వండి' అంది.

"కిటుకేం లేదండీ" అన్నాడు. "పిల్ల పుట్టగానే చెవి కొయ్యమని రాసి ఉంది. నేను అలా కొయ్యలేదు. ముందు పాలు తాగనిచ్చేవాణ్ణి. తాగాకే కోసేవాణ్ణి. ఆ లోపల ఎక్కడికి పోతుందిలే అనుకునేవాణ్ణి. అదొక్కటే నేను చేసింది."

హాలంతా నవ్వింది. ఎంత జాలిగుండె అన్నట్టు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు. భార్య కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమె చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. మొహంలో రంగు కొద్దికొద్దిగా దిగిపోయింది. కప్పు కిటికీ మీద పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా తన గదిలోకి వెళ్లింది. ఆయన వెనకాలే వెళ్లాడు.

"తలుపు వేయండి" అంది. వేశాడు. "ఏడూ, పన్నెండూ కదా?"

"అవునమ్మా. మారిపోయాయి. గడియ వేయలేదు. రెండూ నడవాలో దొరికాయి, మొహం చూసి పెట్టాను."

"ఎప్పటినుంచి తెలుసు?"

"పుట్టిననాడు అనుమానం. రెండు నెలల నుంచి తెలుసు."

ఆమె కుర్చీలో కూర్చుంది. బల్ల మీద వ్యాసం కాగితాలు దొంతరగా ఉన్నాయి. పై కాగితం మీద ఏడు, పన్నెండు అంకెల చుట్టూ ఎర్రసిరా సున్నాలు. కాసేపు వాటినే చూసింది. తర్వాత ఆమె మాటలో ఏదో ఆశ వినిపించింది.

"ఆ ఒక్క రోజే కదా బాబాయ్? మిగతా కాన్పులన్నీ నియమం ప్రకారమే చేశారు కదా?"

ఆయన తల ఊపితే చాలు. ఆమెకు రెండు పందులు పోతాయి, నాలుగేళ్ల పని మిగులుతుంది. ఆయనకూ ఒక్క పొరపాటుతో సరిపోతుంది. అది ఆమె ఇచ్చిన దారి అని ఆయనకు అర్థమైంది. ఆ దారి మీద కాలు పెట్టాలనే ఉంది, చాలా ఉంది. చేతిలోని పెట్టె వైపు చూశాడు.

"కాదమ్మా. ప్రతి పిల్లా. మొదటినుంచీ."

"ఎనభై మూడూనా?"

"అన్నీ. మిగతావి మారలేదనే నా నమ్మకం. కానీ చూశానని చెప్పలేను. ఈ రెండూ కూడా మారలేదనే రాశాను కదా."

డాక్టరమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. "మీ జాలికి నా నాలుగేళ్లూ బలయ్యాయి. మీకర్థమవుతోందా? నేను మిమ్మల్ని అనుమానించలేదు. అందర్నీ, అన్నిటినీ అనుమానించాను, మిమ్మల్ని తప్ప!"

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అనాల్సినవి అనేదాకా ఆగాలనుకున్నాడు. ఆమె ఎర్రసిరా సున్నాలున్న కాగితాన్ని తిరగేసి పెట్టింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"తాగాక కోస్తే మాత్రం ఏడవదా?" అంది చివరికి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"ఏడుస్తుందమ్మా. అంతే ఏడుస్తుంది. లోకంలోకి రాగానే మొట్టమొదట తెలిసేది కత్తెర కాకూడదనిపించింది, అంతే. తప్పే." తలుపు వైపు చెయ్యి చూపాడు. "చెవి ముక్కలు మాత్రం ఎనభై మూడూ ఉన్నాయి. చల్లపెట్టెలో, కింది అరలో. వాటితో తల్లెవరో తేల్చవచ్చా?"

ఆమె తలెత్తింది. "తల్లి నుంచి మాత్రమే వచ్చేదొకటి ఉంటుంది. తండ్రికి అందులో వాటా లేదు. నల్ల తల్లా, తెల్ల తల్లా అన్నది దానితో తేలుతుంది. అన్నీ పరీక్ష చేయించాలంటే నెలలు పడుతుంది." లేచి కిటికీలోంచి బయటికి చూసింది. "ముందు ఆ లారీ ఆపండి."

ఆయన పరుగెత్తాడు. సభ కోసం వేసుకున్న కొత్త బూట్లతో పరుగెత్తడం రాక జారాడు కూడా. ఏడో నంబరును, పన్నెండో నంబరును వేరు చేశారు. మిగతా పదిహేడూ లారీ ఎక్కాయి. ఆ రెండింటికీ డాక్టరమ్మే స్వయంగా రక్తం తీసింది. పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆయన మంచి బట్టల మీదే ఖాకీ కోటు తొడుక్కుని, మోకాలు పంది పక్కకు ఆనించి, మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. అది అరవలేదు. సూది దిగేటప్పుడు ఒక్కసారి బిగుసుకుని, ఆయన చెయ్యి వాసన తెలిసి వదులైంది. రెండో గొట్టానికి మూత పెట్టాక ఆమె "చాలు, వదలండి" అంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన విన్న ఆఖరి పనిమాట అదే.

అందరూ లారీ దగ్గర హడావుడిగా ఉన్నారు. ఆయన కోటు విప్పి మేకుకు తగిలించాడు. పెద్దావిడ గదికి వెళ్లి గడియ సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. డాక్టరమ్మ గదిలోకి వెళ్లి అర నిమిషం ఉండి బయటికి వచ్చాడు. గేటు దగ్గర భార్య మిగిలిన బిస్కెట్లు పొట్లం కట్టుకుని నిలబడి ఉంది.

బస్సు స్టాపు దాకా ఆవిడ ఏమీ అడగలేదు. ఏదో జరిగిందని తెలుసు. కూతురు బస్సు వచ్చింది. వెనక సీటులో ఆయన పక్కన ఆవిడే కూర్చుంది, సీటు నిండా.

"ఇన్నేళ్లలో నాకు కూడా చెప్పలేదే ఆ పాల సంగతి" అంది కొంత దూరం పోయాక.

"చెప్పాల్సింది."

"పాలు తాగనిచ్చి కోస్తే తప్పేంటండీ?"

"తప్పే" అన్నాడాయన. "అందులో వాదించడానికేం లేదు." తర్వాత చాలాసేపటికి, ఐదు నెలల్లో మొదటిసారి, వెనక్కి ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ ఆయన ఒళ్లో చేతులు చూసింది. ఖాళీగా ఉన్నాయి. "పెట్టె ఏదీ? అంత మంచి పెట్టె!"

ఆయన నిద్రపోయినట్టున్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆ చేతిని, చదునైన బొటనవేలితో సహా, తన చేతిలోకి తీసుకుని కూర్చుంది.

ఐదున్నరకు డాక్టరమ్మ తన గదికి వచ్చి దీపం వేసింది. పంపించని వ్యాసం బల్ల మీద అలాగే ఉంది. దాని మీద, కాగితాలు ఎగరకుండా పెట్టినట్టు, గాజు పెట్టె ఉంది. కింద చెక్కిన అక్షరాలు ఆమె చదవలేదు. స్కేలునే చూసింది. తుడిపించినప్పుడు గమనించలేదు. చివరి పన్నెండు సెంటీమీటర్ల గీతలు కొత్తవాటిలా నల్లగా నిలిచి ఉన్నాయి. పని జరిగినంత మేర, మొదటి మూడు సెంటీమీటర్లూ, ఒక్క గీత కూడా లేకుండా నున్నగా అరిగిపోయి ఉన్నాయి.